కార్తె మారితే మనకేంటి?

జూన్ 8కి అటూ ఇటూగా మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు తెల్లవారేసరికే హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి సందుండదు. మామూలు రోజుల్లో ఆచితూచి బేరమాడేవాళ్ళు కూడా ఆ పూట కొర్రమీను ఎంత చెబితే అంతకి కొనేస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉబ్బసం రోగులు బారులు తీరతారు. (దాంతో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారమేమీ లేదు. అది వేరే చర్చ.) చేప దొరకని ఇళ్ళలో, తినని ఇళ్ళలో ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ చేసి నోట్లో వేసుకుంటారు.

వీళ్ళలో ఎవరినైనా ఆపి ఇవాళ ఆకాశంలో ఏం మారిందని అడిగితే నీళ్ళు నములుతారు. సూర్యుడు రోహిణి దాటి మృగశిరలోకి వచ్చాడన్న లెక్క చాలామందికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. "ఇయాల మిర్గం, చేప తినాలె" అన్నది తెలుసు. ఎండలు తగ్గి చల్లబడే రోజులొచ్చాయి, ఒంటికి కాస్త వేడి చేసేది పడాలి అని పెద్దవాళ్ళు అన్నారు, పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరారు. అంతే.

రుతువులతో మనిషికి ఉండాల్సిన అనుబంధం గురించి ఇప్పుడు వినిపించే సలహాలన్నీ దాదాపు ఒకే తీరు. ఫోన్ పక్కన పెట్టండి, పార్కుకి వెళ్ళండి, చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చోండి. మంచిదే. తెలుగు నేల మీద మాత్రం రుతువులు మనుషుల ఒంటికి పట్టింది ఇంకో దారిలో. ప్రతి మార్పుకీ ఒక పని అంటగట్టి పెట్టారు. ఈ వారం విత్తనాలు బయటికి తీయాలి, ఈ వారం ఆవకాయ పెట్టేయాలి, ఈ వారం కూడా చినుకు పడకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ పని పోయిన చోట రుతువు కిటికీలోంచి చూసే బొమ్మగా మిగిలింది. ఈ తేడా పట్టుకోవడానికి కార్తెల కంటే మంచి ఆధారం దొరకదు.

చుక్క కనపడని చుక్కల లెక్క

కార్తెలు 27. ఒక్కో నక్షత్రం మీదుగా సూర్యుడు సాగిపోవడానికి పట్టే కాలం ఒక కార్తె, 13 లేదా 14 రోజులు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో అశ్వినితో మొదలై ఏడాది తిరిగేసరికి రేవతితో ముగుస్తాయి. మన పండుగల్లో ఎక్కువ భాగం చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కనుకే 2023లో అక్టోబరు 14న వచ్చిన పెత్రమాస (పితృ అమావాస్య) 2025లో సెప్టెంబరు 21నే వచ్చేసింది. కార్తెలకి ఈ జారుడు లేదు. రోహిణి ఏ ఏడాదైనా మే 25 దగ్గరే, ఆరుద్ర జూన్ 22 దగ్గరే. ఎండకీ వానకీ మూలం సూర్యుడే కాబట్టి సేద్యానికి ఈ లెక్క అతికింది. పెళ్ళికి తిథి చూసే ఇంట్లోనే విత్తనానికి కార్తె చూసేవాళ్ళు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఏ నక్షత్రం పేరుతో కార్తె నడుస్తుందో ఆ నక్షత్రం ఆ రోజుల్లో దాదాపుగా కంటికి కనపడదు. సూర్యుడు సరిగ్గా అటువైపే ఉంటాడు, ఆ వెలుగులో అది మునిగిపోతుంది. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు చలికాలం రాత్రుళ్ళు నడినెత్తిన మెరుస్తుంది. కృత్తిక కార్తె నడిచే మే నెలలో ఎంత వెతికినా దొరకదు. కాబట్టి వెనకటి రైతు తలెత్తి చుక్కను చూసి విత్తనం వేశాడన్న ఊహ వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. తేదీ పంచాంగం చెప్పే అయ్యగారి దగ్గర తెలుసుకున్నాడు. తడి మాత్రం పాదంతో నేలను తొక్కి తనే చూసుకున్నాడు. సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించే వేళను బట్టి ఆ ఏటి వానలు ఇలా ఉంటాయని చెప్పడం పంచాంగాల్లో ఇప్పటికీ ఉంది. ఆ జోస్యాన్ని నమ్మాల్సిన పనిలేదు. ఊరు ఊరంతా ఒకచోట కూర్చుని, ఇంకా రెండు నెలల తర్వాత రాబోయే వాన గురించి ఉగాది నాడే మాట్లాడుకోవడం మాత్రం చిన్న సంగతి కాదు.

వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు కాలాలుగా విడగొడుతుంది. కావ్యాలు ఆరు రుతువులంటాయి. పొలంలో రెండు నెలల పాటు మారకుండా ఉండేది ఏదీ ఉండదు, పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి మారుతుంది. జపాన్‌లో ఏడాదిని ఇంకా సన్నగా, ఐదేసి రోజుల చొప్పున 72 ముక్కలు చేశారు. చైనా నుంచి వచ్చిన ఆ పట్టికను 1685లో షిబుకావా షుంకాయ్ అనే ఖగోళ పండితుడు జపాన్ వాతావరణానికి తగ్గట్టు తిరగరాశాడు. అరువు తెచ్చుకున్న లెక్కను సొంత నేలకి దిద్దుకోవాలన్న ఆలోచన అక్కడ మూడు వందల ఏళ్ళ కిందటే వచ్చింది. మన దగ్గర ఆ దిద్దుబాటు పండితులు చేయలేదు. సామెతలు చేశాయి.

సామెతలో దాచిన గడువు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. ఈ మాట వినని తెలుగువాళ్ళు ఉండరు. 2015 మే నెలాఖరు వడగాడ్పులకి రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అవి రోహిణి దినాలే. మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి, భరణి కురిస్తే ధరణి పండుతుంది, ఆశ్లేష వర్షం అందరికీ లాభం... ఇలా కార్తెకో మాట ఉంది. వీటిని వెనకటి వాతావరణ సూచనలుగా చదివి మురిసిపోవడం మామూలు. అలా చదివితే సగమే అర్థమవుతాయి. చాలా సామెతల్లో అసలు సంగతి పనికి పెట్టిన గడువు.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నదాన్ని చూడండి. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 దగ్గర వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకో, గంప ఎత్తుకుని కూలి దొరికే ఊరికి బయల్దేరు అని దాని భావం. ఇందులో ప్రకృతి మీద ప్రేమ ఒలకబోసిందేమీ లేదు. నాలుగు మాటల్లో ఒక కుటుంబం వలస పోవాలా వద్దా అన్న నిర్ణయం ఉంది. ఇంకా ఎదురుచూస్తే ఉన్న కాస్త గింజలూ అయిపోతాయి, ముందే పోతే పండే పంటను వదులుకున్నట్టవుతుంది. ఎప్పటిదాకా ఆగాలి? దానికి తరతరాల అనుభవం ఒక తేదీ చెప్పింది.

"పుబ్బలో పుట్టెడు చల్లేకంటే మఖలో మానెడు చల్లడం మేలు" అన్నదీ అలాంటిదే. మఖ ఆగస్టు మధ్యలో వస్తుంది, పుబ్బ నెలాఖరుకి వస్తుంది. మధ్య తేడా రెండు వారాలు. పుట్టి అంటే ఇరవై తూములు, మానెడు దాని పక్కన లెక్కలోకి రాదు. ఆలస్యంగా వేసిన పంటకి గింజ పాలుపోసుకునే వేళకి తడి అందదు. ఎంత విత్తనం పోసినా ఆ రెండు వారాలు తిరిగి రావు. "హస్తలో చల్లితే హస్తంలోకి రావు" అని ఇంకాస్త కటువుగా కూడా చెప్పారు.

వీటన్నిటిలోకీ ముచ్చటైనది జొన్న నోట పలికించిన మాట: "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే, వీసానికి పుట్టెడవుతా." నల్లరేగడిలో వేసే రబీ జొన్నకి కావాల్సిందంతా ఇందులో ఉంది. అక్టోబరు 10 తర్వాత చిత్త దయతలచి ఒక మంచి వాన ఇవ్వాలి, నెలాఖరున స్వాతి నేలను చల్లగా ఉంచాలి, నవంబరులో విశాఖ గాలి విసరకూడదు. తర్వాత వాన పడకపోయినా రేగడి పట్టి ఉంచిన చెమ్మతోనే జొన్న కంకి వేస్తుంది. మట్టి స్వభావం, తేమ, గాలి, దిగుబడి, నాలుగూ ఒక్క వాక్యంలో ఇమిడాయి. విశాఖ గాలి గురించిన భయం ఊరికే పుట్టింది కాదు. నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల నెల. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19న వచ్చింది.

ఈ సామెతలు తెలుగు నేలంతటికీ ఒకేలా వర్తిస్తాయని రాసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్కడి రైతుకి మృగశిర కంటే స్వాతి, విశాఖ ముఖ్యం. గోదావరి డెల్టాలో లెక్క ఇంకో రకం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అక్కడ తొలకరి ఆకాశంలోంచి ఎంత వస్తుందో కాలువలోంచి కూడా అంతే వస్తుంది. "కాలువ కట్టేశారు", "కాలువ వదిలారు" అన్న రెండు మాటలు అక్కడ రెండు కాలాల పేర్లతో సమానం.

ఆరుద్ర పురుగు ఎవరి మాట వింటుంది?

తొలి వానలు నేలను బాగా తడిపిన మర్నాడు పొద్దున చెలకల్లో, గడ్డి గట్ల మీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు కనిపిస్తాయి. అవే ఆరుద్ర పురుగులు. పెద్దది వేలిగోరంత ఉంటుంది. ఒళ్ళంతా పొట్టి ఎర్రటి నూగు, వేలితో రాస్తే పట్టుబట్టలా జారుతుంది. ముట్టుకుంటే కాళ్ళు లోపలికి ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, కాసేపు కదలకుండా చూస్తే ముందు కాళ్ళు చాపి మళ్ళీ బయల్దేరుతుంది. పిల్లలు అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకునేది దీన్నే. పురుగు అంటాం గానీ దీనికి కాళ్ళు ఎనిమిది. సాలీడు, తేలు కుటుంబానికి చెందిన జీవి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి, వాన పడ్డాక తిండికీ జతకట్టడానికీ కొద్ది రోజులు పైకి వస్తుంది. పిల్ల దశలో వేరే కీటకాల ఒంటిని పట్టుకుని బతుకుతుంది. పెద్దయ్యాక చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనీ తింటుంది, అందువల్ల పైరుకి చేటు లేదు, మేలే.

అదే తడికి పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి వాటిని పట్టి, రెక్కలు రాల్చి, వేయించి పేలాలతో కలుపుకుని తినే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బోదురు కప్పల్లో మగవి పసుపు రంగుకి తిరిగి రాత్రంతా అరుస్తాయి. ఇక ఆ మట్టి వాసన. దానికి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్, మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు తయారుచేసేది. గాలిలో లక్ష కోట్ల భాగాల్లో ఏ కొద్ది భాగాలో ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. తొలకరి వాసనకి మనసు లేచి రావడం కవుల కల్పనేమీ కాదు. ఒళ్ళు ముందే సిద్ధంగా ఉంది.

వీటన్నిటికీ పిలుపు ఒకటే, నేలలో తడి. కార్తె ఆ తడి ఎప్పుడు వస్తుందో వేసిన అంచనా. ఆరుద్ర పురుగుకి అంచనాతో పనిలేదు, తడినే చదువుతుంది. వాన ముందొస్తే మృగశిరలోనే వస్తుంది, ఆలస్యమైతే పునర్వసులో వస్తుంది. ఎప్పుడొచ్చినా మనం ఆరుద్ర పురుగనే అంటాం. అంచనాకీ జరిగినదానికీ మధ్య ఉండే ఈ ఖాళీ చాలా విలువైనది. ఫలానా రోజుకి రావాలి అన్న తేదీ మనసులో ఉన్నవాడే ఆకాశం వంక చూస్తాడు, ఇంకా రాలేదే అనుకుంటాడు, వచ్చినప్పుడు పొంగిపోతాడు. తేదీ తెలియనివాడికి వాన ఎప్పుడు పడ్డా ఒకటే, బట్టలు లోపలికి తీయాలన్న హడావిడి తప్ప. ఏసీ గది మన దగ్గర్నుంచి లాక్కున్నది వేడిని మాత్రమే అనుకుంటాం. ఎదురుచూపు కూడా దాంతోపాటే పోయింది.

ఈ అనుబంధాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా ప్రయత్నించారు. అమెరికాలో మేయర్, ఫ్రాంజ్ 2004లో ప్రశ్నలతో ఒక కొలబద్ద తయారుచేశారు. ప్రకృతి గురించి సమాచారం తెలిసినంత మాత్రాన దగ్గరితనం రాదని, ఇంద్రియాలతో స్పర్శ, భావోద్వేగం, అందం, అర్థం, కనికరం అనే ఐదు దారుల్లో అది కలుగుతుందని బ్రిటన్‌లోని డెర్బీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో చెప్పారు. కార్తెల సంగతి తెలిసినవాళ్ళకి ఆ జాబితాలో ఒక లోటు కనిపిస్తుంది. పని, బతుకుతెరువు అందులో లేవు. పారిశ్రామిక సమాజంలో పుట్టిన పరిశోధనకి అది తట్టకపోవడంలో వింతేమీ లేదు. మన దగ్గర మాత్రం జ్యేష్ఠ పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకి రంగులేసి ఏరువాక సాగించినవాడు అందాన్ని చూడటానికి పొలం పోలేదు. దున్నడానికి పోయాడు, అందం దారిలో కనిపించింది.

అలాగని దీన్ని తియ్యటి జ్ఞాపకంగా మార్చేయడం కూడా అన్యాయమే. అనంతపురంలో మెట్ట భూమి ఉన్న రైతుకి మృగశిర అంటే టెన్షన్. తొలి వానకి వేరుశనగ వేయాలా, రెండో వాన దాకా ఆగాలా? వేశాక ఇరవై రోజులు చినుకు పడకపోతే మొలక మాడిపోతుంది, విత్తనానికి తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది, మళ్ళీ విత్తనం కొనాలి. ఆకాశంతో అతనికున్న బంధం మనం సెలవు రోజున వెతుక్కునే బంధం లాంటిది కాదు. తప్పించుకోలేనిది. నగరంలో ఉన్నవాళ్ళు ఆ బంధం పోయిందని బాధపడేటప్పుడు, దాంతోపాటు ఈ భయం కూడా వదిలిందని గుర్తుపెట్టుకోవడం మంచిది.

వంటింటి కార్తెలు

పొలం వదిలేసిన కుటుంబాల్లో రుతువు చివరికి దాక్కున్న చోటు వంటిల్లు. ఉగాది పచ్చడిలో పడేవన్నీ ఆ పక్షంలో చేతికొచ్చేవే: వేప పూత, పిందె దాటిన మామిడి, కొత్త చింతపండు, కొత్త బెల్లం. ఆవకాయకి కృత్తిక, రోహిణి ఎండలు కావాలి. కారం, ఆవాలు గలగలమనేలా ఎండాలి, ముక్కకి చెమ్మ తగలకూడదు. మృగశిర జల్లు పడ్డాక పెట్టిన ఆవకాయ బూజు పడుతుందని ఇంట్లో పెద్దావిడ చేసే హెచ్చరిక వాతావరణ శాస్త్రమే.

గోదావరి జిల్లాల పులస సంగతి ఇంకా బలమైనది. సముద్రంలో ఉండే ఇలస చేప గుడ్లు పెట్టడానికి వరద కాలంలో గోదావరికి ఎదురీదుతుంది. ఎర్రనీరు వచ్చిందంటే పులస వచ్చినట్టే. ఉప్పునీళ్ళలో మామూలుగా ఉండే చేప, ఏటికి ఎదురీదుతూ ధవళేశ్వరం వైపు వచ్చేసరికి రుచి మారిపోతుందంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా యానాం రేవులో ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట దీని మీదే. చేప తగ్గిపోతున్న కొద్దీ వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఇలసను పులస పేరుతో అంటగట్టే వ్యాపారం పెరిగింది. అయినా నది రంగు మారిందా లేదా అని ఒక పట్టణం మొత్తం కనిపెట్టుకుని ఉండటానికి ఈ ఒక్క కూర కారణం కావడం గొప్పే.

పూల విషయంలో బతుకమ్మది అలాంటి స్థానం. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమయ్యింది, దానికి పేరొచ్చింది. గునుగు కథే ఆలోచించదగ్గది. అది కలుపు మొక్క. జొన్న చేలో, పల్లి చేలో పీకి పారేసేది. వానలు వెనక్కి తగ్గే వేళకి వెండి రంగు కంకులతో గట్లన్నీ నిండిపోతాయి, ఆ కంకులే రంగులద్దుకుని బతుకమ్మలో వరసలవుతాయి. పంటకి అడ్డమైన మొక్కను పండుగకి ముఖ్యం చేసుకోవడంలో ఒక లౌక్యం ఉంది: ఏటా ఒకసారైనా ఊరి ఆడపిల్లలు చేల వెంట తిరిగి, ఎక్కడ ఏం పూసిందో, ఏ చెరువు ఎంత నిండిందో చూసి వచ్చేవాళ్ళు. కలుపు మందు కొట్టిన పత్తి చేలల్లో ఇప్పుడు గునుగు వెతుక్కోవాలి. హైదరాబాద్ కూడళ్ళలో అది కట్టల లెక్కన అమ్ముడుపోతోంది. పండుగ ఘనంగానే జరుగుతోంది, చేల వెంట తిరుగుడు మాత్రం తగ్గింది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకి చిక్కు ఇంకో రకం. మెల్‌బోర్న్‌లో ఉగాది ఆకులు రాలే కాలం మొదట్లో వస్తుంది, సంక్రాంతి నడి ఎండాకాలంలో పడుతుంది. వేప పూత ఎండబెట్టిన ప్యాకెట్‌లో దొరుకుతుంది. డాలస్‌లో బతుకమ్మకి పూలు దుకాణంలో కొంటారు. అయితే అక్కడ పెరట్లో గోంగూర వేసేవాళ్ళని కదిలిస్తే చివరి మంచు ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు నారు బయట పెట్టాలి అన్నది తేదీలతో సహా చెబుతారు. కార్తె పేరు లేదు గానీ కార్తె ఉంది. పని ఉంది కదా మరి.

పుష్యమిలో 649.8 మిల్లీమీటర్లు

"పుష్యమి కురిస్తే ఊరపిట్టైనా తడవదు" అంటారు. జులై 20 నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా నడిచే ఈ కార్తెలో పడేది సన్న తుంపర, పిచ్చుక రెక్క కూడా తడవదని అర్థం. 2023 జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం లోపు, నిండు పుష్యమిలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా పడే సగటు వానకంటే ఎక్కువ అది. ఆ వరదకే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మునిగింది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచింది చిత్త కార్తె వాన. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు పొంగి విజయవాడ నీళ్ళలో చిక్కుకున్నది పుబ్బలో.

సామెత తప్పిందంటే తేదీలు జరిగిపోయాయేమో అన్న అనుమానం రావచ్చు. జరుగుతున్న మాట నిజమే. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల కార్తెలు రుతువులతో పోలిస్తే 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున వెనకబడుతున్నాయి. పగలు పెరగడం డిసెంబరు 22 దగ్గరే మొదలవుతున్నా మకర సంక్రాంతి జనవరి 14 దాకా రాకపోవడానికి కారణం ఇదే. ఒక కార్తె మేర జరగడానికి దాదాపు 960 ఏళ్ళు పడుతుంది. రెండు మూడు వందల ఏళ్ళ సామెతకి దీనివల్ల వచ్చే తేడా మూడు నాలుగు రోజులు. ఆ నెపం భూమి అక్షం మీద వేయడానికి వీల్లేదు.

మారింది వాన పడే తీరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పది రోజులు సన్నగా కురవాల్సింది పోగుపడి ఒక్క పూటలో దిగుతుంది, మధ్యలో నేల ఎండుతుంది. మధ్య భారతంలో అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలయ్యాయని పుణెలోని ఐఐటీఎం (భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల నాయకత్వంలో 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మొత్తం వాన లెక్క సగటుకి దగ్గరగానే కనిపించవచ్చు. జొన్న అడిగింది సగటు కాదు, చిత్తలో ఒకటి, స్వాతిలో ఒక చల్లదనం.

నగరానికి ఇప్పుడు కొత్త కార్తెలు వచ్చాయి: ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్. ఫోన్‌లో మోగగానే ఆఫీసు నుంచి గంట ముందు బయల్దేరతారు, సెల్లార్‌లో కారు పైకి తెస్తారు, కొవ్వొత్తులు తెచ్చుకుంటారు. వీటిని తక్కువ చేయడానికి లేదు, ప్రాణాలు కాపాడతాయి, పనీ చెబుతాయి. కానీ అవి చెప్పే పనంతా తలుపు వేసుకునే పని. ఏడాదిలో ఒక్కసారైనా తలుపు తీసుకుని బయటికి వెళ్ళమనే కబురు వాటి దగ్గర లేదు.

అలాంటి కబురు ఇంకోచోట దొరుకుతోంది. సీజన్‌వాచ్ పేరుతో దేశంలో దశాబ్దానికి పైగా ఒక పని నడుస్తోంది. దగ్గర్లో ఉన్న ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడటం, లేత ఆకు, మొగ్గ, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో రాయడం, అంతే పని. కేరళ బడి పిల్లలు ఇందులో ముందున్నారు. విషు పండుగకి పూయాల్సిన కొన్న, అంటే మన రేల, చాలాచోట్ల పండుగకి ఎంతో ముందే పూసేస్తున్నట్టు వాళ్ళ రాతల్లో కనిపించింది. జపాన్ వాతావరణ సంస్థ తరాలుగా 57 రకాల మొక్కల, జంతువుల రాకపోకల్ని నమోదు చేసి, నగరాల్లో అవి దొరకడమే కష్టమవడంతో 2021 జనవరి నుంచి ఆరు మొక్కలకి కుదించుకుంది. ప్రభుత్వాలు మానేసే చోట ఈ పని మనుషులే చేయాల్సి ఉంటుంది.

తెలుగు ఇళ్ళలో దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. గోడ మీద పంచాంగం క్యాలెండర్ ఉంటుంది, అందులో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసే అలవాటూ ఉంటుంది. కార్తె మారే తేదీ చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఉంటుంది. దాని పక్కనే వీధి చివర వేప పూసిందా, మొదటి ఉసిళ్ళు ఏ రాత్రి లేచాయి, ఆరుద్ర పురుగు ఈసారి కనిపించిందా అని రెండు ముక్కలు రాసి, డిసెంబరు 31న ఆ క్యాలెండర్‌ని పాత పేపర్లతో పాటు అమ్మేయకుండా దాచాలి. ఉగాది నాటికి వేప పూత దొరకని ఏళ్ళు ఎన్ని వచ్చాయో ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అవే ఉంటాయి.